లేడి బుగ్గ మీద చుక్క

తప్పు గుడ్డది కాదు. గుడ్డ తన పని తాను చేసింది. మసి కనిపించింది, తుడిచేసింది. అనాల్సింది ఆ గుడ్డ పట్టుకున్న మనిషిని. లారీలకు బొమ్మలు వేస్తూ పెద్దవాడైనవాడు, దిష్టి చుక్క పెట్టందే బండిని షెడ్డు దాటనివ్వని మేస్త్రీ దగ్గర పని నేర్చినవాడు, తీరా సౌదీ దాకా వచ్చి కళ్ళ ముందున్న దిష్టి చుక్కను గ్రీజు మరక అనుకున్నాడు. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో ఒక్క రుద్దు రుద్దాడు. అంతే, పోయింది. "అమ్మయ్య, మొండి మరక కాదు" అని సంతోషపడ్డాడు కూడా.

ఆ మహానుభావుడి పేరు యిర్మీయా. సొంతూరు పాలకొల్లు పక్కన. పని నేర్చింది విజయవాడ ఆటోనగర్‌లో ఓబదయ్య మేస్త్రీ దగ్గర. ఇప్పుడు ఉంటున్నది హుఫూఫ్ సనయ్యాలో, అంటే ఊరి చివర గ్యారేజీలూ వర్క్‌షాపులూ ఉండే పేటలో. అక్కడ ఓ షెడ్డులో ట్రక్కులకు రంగులు వేస్తాడు. రంగులంటే పేరుకే రంగులు. ఈ దేశంలో ట్రక్కు తలుపు మీద నెమలి లేదు, వెనకాల కలువపువ్వు లేదు, అద్దం మీద కళ్ళు తిప్పే అమ్మాయి అసలే లేదు. తెల్ల బండికి తెల్ల రంగు కొట్టి, కంపెనీ పేరు రాసి పంపించెయ్యడమే. ఇన్నేళ్ళ నుంచీ తెలుపు మీద తెలుపు వేసి వేసి, తనకు బొమ్మ వచ్చన్న సంగతే మరిచిపోయే స్థితికి వచ్చాడు.

అలాంటి సమయంలో అల్తాఫ్ వచ్చాడు. అల్తాఫ్‌ది ప్రొద్దుటూరు. ఫహద్ అనే ఆసామి ఇంట్లో డ్రైవరు. ఆ ఫహదే అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని. బండికి గీత పడితే యిర్మీయా దగ్గరికి తెచ్చేవాడు, అలా స్నేహం కుదిరింది.

"అన్నా, మా కఫీల్ తోటలో ఒక విమానం మూతి ఉండాది. దాని మీద జింక బొమ్మ. రంగంతా ఎలిసిపోయింది. మళ్ళీ ఏస్తావా?" అన్నాడు.

"విమానం మూతేంటి, తోటలో ఉండడమేంటి? పొద్దున్నే ఏం తిన్నావయ్యా?"

"నా మీద ఒట్టన్నా. మూతి ఒకటే. తక్కింది లేదు."

వెళ్ళి చూస్తే నిజమే. ఖర్జూరపు తోట మధ్యలో రేకుల షెడ్డు, షెడ్డులో ఇనప దూలాల మీద నిలబెట్టిన విమానం ముందు భాగం. పైలట్లు కూర్చునే గది దాకా ఉంది, అక్కడికి కోసేశారు. ఎడమ పక్కన, కిటికీల కింద, కాళ్ళు ముడుచుకుని గాల్లోకి దూకుతున్న లేడి. యిర్మీయా చూపు ముందుగా దాని కంటి మీద పడింది. పడ్డ చూపు ఇక కదల్లేదు.

ఫహద్ అసలు సంగతంతా కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు. యిర్మీయాకు పనికి సరిపడా అరబీ వచ్చు, అందని చోట అల్తాఫ్ అందించాడు. ఈ విమానాన్ని కువైట్ యుద్ధంలో నడిపింది ఫహద్ నాన్నగారు. సామాన్లు, సైనికులు, గాయపడ్డవాళ్ళు, అన్నీ అందులోనే. అప్పుడు పక్కనే దిగిన పరదేశపు విమానాల మూతుల మీద రకరకాల బొమ్మలుండేవట. కోరలున్న సొరచేపలు, బాంబు మీద కూర్చున్న పిల్లలు, చాలీచాలని గుడ్డల్లో ఆడబొమ్మలు. ఈ దేశంలో దిగాక కొందరు ఆడబొమ్మలకు రంగుతోనే బట్టలు తొడిగారని కూడా చెప్పుకునేవారట. అవన్నీ చూసి ఈ కుర్ర కెప్టెన్‌కూ మనసైంది. తన బండికీ ఓ బొమ్మ కావాలి. ఆడబొమ్మ ఎలాగూ కుదరదు కాబట్టి లేడి. బేస్‌లో విమానాలకు అంకెలు రాసే ఒక ఇండియావాణ్ణి పట్టుకుని వేయించుకున్నాడు.

"యుద్ధం ముగిసింది, ఆ మనిషి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదని నాన్న ఇప్పటికీ బాధపడతాడు. ఎందరినో అడిగాడు. జాడ లేదు" అన్నాడు ఫహద్. ఈ మూతిని తుక్కు వేలంలో పట్టుకున్నది ఫహదే. నాన్నకు ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి శుక్రవారం ఇక్కడికి తీసుకొచ్చి చూపించాలని అతని ఆశ. "అందాకా నేను కూడా చూడను. నాన్నతో కలిసే చూస్తాను" అని బొమ్మ ముందు ఒక తెర కట్టించాడు. ముచ్చటైన కొడుకు.

యిర్మీయా పనిలో పడ్డాడు. ఆ పని దొరికినందుకు అల్తాఫ్‌కు మనసులో ఎన్ని దండాలు పెట్టుకున్నాడో లెక్క లేదు. వెలిసిపోయిన గీత మీద గీత పెడుతుంటే, మరిచిపోయాననుకున్న చెయ్యి తనంతట తనే మెలికలు తిరిగింది. ముఖ్యంగా ఆ కన్ను! కాటుక తోకను చెవి దాకా లాగిన కన్ను. కనుగుడ్డు నడిమిన కాకుండా ఓ పక్కకు పెట్టిన తెల్లచుక్క. ఓబదయ్య మేస్త్రీ ఆవుకు వేసినా అమ్మాయికి వేసినా ఇదే కన్ను వేసేవాడు.

"ఇది మనోడి కన్నే అల్తాఫూ" అన్నాడు.

"కన్ను చూసి ఆధార్ కార్డు సెప్తాండావే!" అని అల్తాఫ్ నవ్వాడు.

అయినా యిర్మీయా మాట మార్చుకోలేదు. ఓబదయ్య మాత్రం కాదు, ఆయన కృష్ణ మీది బ్యారేజీ దాటి అటు వెళ్ళడమే గొప్ప. ఆయనలాంటి మరో మేస్త్రీ చెయ్యి. ఎవరో తెలియని ఆ మనిషి వేసిన గీతలో తన కుంచె నడుస్తుంటే, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని వీధి దాటుతున్నట్టు ధైర్యంగా అనిపించింది.

ఆ ధైర్యంలోనే జరిగింది పొరపాటు. మొహం శుభ్రం చేస్తుంటే బుగ్గ మీద, కంటికి కొంచెం కింద, వేలిముద్రంత నల్లటి మరక. ఎండకు తారులా గట్టిపడి ఉంది. ఇంత అందమైన బుగ్గ మీద ఈ గ్రీజేంటని విసుక్కున్నాడు. మిగతాది మొదట్లోనే చెప్పాను కదా.

గురువారం సాయంత్రం ఫహద్ అరబ్బు కాఫీ గహ్వా ఉన్న ఫ్లాస్కు, ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. తెరకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే గొడవే ఉండేది కాదు. తాపీగా అప్పుడు చెప్పాడు.

"లేడి బుగ్గ మీద నల్ల మచ్చ ఉంటుంది, చూసే ఉంటావు. నాన్న ముందు దాన్నే వెతుకుతాడు. ఆ ఇండియావాడు తన వేలితో పెట్టిందట అది. వేలం రోజు అది ఇంకా ఉందో లేదో అని భయపడుతూ వెళ్ళాను. ఉంది! అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. రంగులన్నీ వెలిసిపోయాక ఆ మనిషిది మిగిలింది అదొక్కటే కదా."

యిర్మీయా నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. దిష్టి చుక్క! ఎంత సిగ్గుమాలిన పని! చుక్కల మధ్య పుట్టి పెరిగినవాడు!

వాళ్ళమ్మ చిట్టెమ్మ ఆదివారం ప్రార్థనకు తయారుచేసేటప్పుడు కూడా పిల్లలకు బుగ్గన చుక్క పెట్టేది. సంఘంలో పాస్టరుగారు అభ్యంతరం చెప్పేవారు. "ఇంత చుక్కకే కోపగించుకుంటే ఆయన దేవుడెలా అవుతాడండీ" అని ఆవిడ అడిగేది. పాస్టరుగారు బైబిలు తెరిచేలోపు ఆవిడ చాప మడుచుకుని వెళ్ళిపోయేది. యిర్మీయా సౌదీ బయల్దేరిన రోజున, మీసాలొచ్చినవాడికి బుగ్గ మీద బాగుండదని, కూర్చోబెట్టి అరికాలిలో పెట్టింది. దీపం మసి, ఆముదం చుక్క. "పోయిరా నాయనా" అంది. బూటు లోపల ఆ చుక్కతోనే అతను దమ్మాంలో దిగాడు.

ఫహద్ వెళ్ళగానే అల్తాఫ్‌కు చెప్పాడు. అల్తాఫ్ తల పట్టుకున్నాడు. తర్వాత చేతులు దులుపుకున్నాడు.

"దానికేముందన్నా, ఇంకోటి పెట్టు. మసే కదా. యాడిదైనా మసి మసే. పెద్దాయన కండ్లు అంత సూక్ష్మంగా ఏం కనపడతాయి?"

"అలాగే పెట్టేద్దామంటావా?"

"ఫహద్ భాయ్ మొగం సూసినావు కదా. తుడిసేసినా అని ఆ మనిషితో ఎట్లా సెప్తావు? పెద్దాయనది కుట్లేసిన గుండె."

ఆ మాట నిజమే. యిర్మీయా అప్పటికప్పుడు మసి గీకాడు, నూనె కలిపాడు, చూపుడువేలు ముంచాడు. బుగ్గ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ వేలు ఆగిపోయింది. రేపు ఆ ముసలాయన వచ్చి ఈ చుక్కను తడుముతాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న కృతజ్ఞతంతా ఆ తడమడంలో ఉంటుంది. ఎవడో మహానుభావుడికి అందాల్సిన దండం, దొంగతనంగా పెట్టిన తన వేలికి తగులుతుంది. యిర్మీయా చాలా విషయాల్లో సర్దుకుపోయే మనిషే, గదిలో మంచం దగ్గర్నుంచి సెలవుల దాకా. ఇది మాత్రం చేత కాలేదు. వేలు గుడ్డకు తుడుచుకున్నాడు. ఈసారి గుడ్డ సరైన మసినే తుడిచింది.

"నేనే చెప్పేస్తాను. నువ్వు పక్కనుండి అరబీ సరిగ్గా చెప్పు, చాలు" అన్నాడు.

"సరేలే అన్నా. ఇద్దరం కలిసే తిట్లు తిందాం."

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చారు. పెద్దాయనను అందరూ అబూ ఫహద్ అంటారు, ఫహద్ తండ్రి అని. సన్నగా, పొడుగ్గా, చేతికర్ర మీద ఒరిగి నడుస్తున్నాడు. తోట మలుపులో షెడ్డు కనబడగానే కర్ర కొడుకు చేతికిచ్చేసి వేగం పెంచాడు. విమానం ముక్కు దగ్గర ఆగాడు. చెయ్యి చాచి రేకును తట్టాడు, పాత దోస్తు భుజం తట్టినట్టు. ఫహద్ తెర తాడు పట్టుకున్నాడు.

"ఆగండి" అన్నాడు యిర్మీయా.

అందరూ అతని వైపు తిరిగారు. అతను అల్తాఫ్ కోసం ఆగకుండా, వచ్చిన అరబీలో వచ్చినట్టు చెప్పేశాడు. "బుగ్గ మీద మచ్చ లేదు. నేను తుడిచేశాను. గ్రీజు అనుకున్నాను. అది నేను గుర్తుపట్టాల్సింది, మా ఊళ్ళో మా అమ్మ పెట్టేది అలాంటిదే. తప్పంతా నాది. క్షమించండి."

ఫహద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాడు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. పెద్దాయన మాత్రం యిర్మీయానే చూస్తున్నాడు.

"దేనితో తుడిచావు?" అని అడిగాడు.

"థిన్నర్ గుడ్డతోనండి."

"ఒక్కసారికే పోయిందా?"

"పోయిందండి."

పెద్దాయన నవ్వాడు. మొదట పెదవుల్లో, తర్వాత పొట్టలోంచి, చివరికి దగ్గు వచ్చేదాకా. ఫహద్ కంగారుగా నీళ్ళ సీసా అందించాడు. ఆయన అక్కర్లేదన్నాడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోతుంది. పోవడానికే పెట్టేవాడు" అన్నాడు. "నేను ఎగిరి వచ్చేసరికి అది ఎప్పుడూ ఉండేది కాదు. గాలి, ఇసుక, అన్నీ కలిసి ఎత్తుకుపోయేవి. ఆ ఇండియావాడు చిన్న డబ్బా పట్టుకుని వచ్చేవాడు. నా మొహం చూడకముందే లేడి బుగ్గ చూసేవాడు. గాలిని ఏదో తిట్టి, మళ్ళీ పెట్టేవాడు. ఒకసారి అడిగాను, మంచి రంగుతో పెట్టొచ్చు కదా, ఉండిపోతుంది అని. తల అడ్డంగా ఊపాడు. ఉండిపోతే నీ కోసం మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తాను అని చేతులతో చెప్పాడు."

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"చుక్కకు శక్తి ఉందని నేను అనుకోను. అప్పుడూ అనుకోలేదు. నన్ను దించింది అల్లా. కానీ అప్పుడు సైరన్ మోగితే అందరూ పరుగెత్తేవాళ్ళు. అతని కంపెనీవాళ్ళు సగం మంది బస్సులెక్కి వెళ్ళిపోయారు. అతను వెళ్ళలేదు. నేను దిగేసరికి రన్‌వే చివర మెడ ఎత్తి నిలబడి ఉండేవాడు. మా అమ్మ ఎక్కడో దూరాన హాయిల్‌లో ఉండేది, నేను ఎప్పుడు ఎగిరానో ఎప్పుడు దిగానో ఆమెకు తెలిసే దారి లేదు. అతనికి తెలుసు. నాకేమీ కానివాడు, నేను వచ్చానా లేదా అని రోజూ చూశాడు. అది మరిచిపోవాలంటే నేను మనిషినే కాకపోవాలి."

"మరి ఇది ఎందుకు ఉండిపోయింది నాన్నా?" అన్నాడు ఫహద్.

"ఆఖరిది అది. పెట్టాడు, విమానం లేవలేదు, ఆ తర్వాత ఇంకెప్పుడూ లేవలేదు. యుద్ధం ఆగిందన్నారు. నన్ను వేరే బేస్‌కు పంపారు. తిరిగొచ్చేసరికి అతను లేడు." పెద్దాయన యిర్మీయా వైపు తిరిగాడు. "నువ్వు తుడిచింది మంచిదే. అది అలా ఉన్నంతకాలం, అతను నన్ను పంపి ఇంకా ఎదురు చూస్తున్నట్టే ఉండేది నాకు. నీకు పెట్టడం వచ్చా?"

"వచ్చండి."

"అయితే పెట్టు."

ఫహద్ తెర లాగాడు. లేడి ఎండలోకి దూకింది. పెద్దాయన "మాషా అల్లా" అన్నాడు. అల్తాఫ్ పరుగున వెళ్ళి కట్టెల పొయ్యి మీద కాగుతున్న గహ్వా కూజా అడుగున మసి గీకి తెచ్చాడు. ఒక చుక్క నూనె కలిపారు. యిర్మీయా నిచ్చెన రెండు మెట్లెక్కాడు. ముందు రోజు ఆగిపోయిన వేలు ఇప్పుడు ఆగలేదు. కంటికి కొంచెం కింద, పాత గుర్తు ఉన్న చోటే, మెత్తగా అద్దాడు. అద్దుతుంటే నోరు తనంతట తనే అనేసింది, చుక్క పెట్టినవాళ్ళు ఏ ఇంట్లో అయినా అనే మాట.

"పోయిరా నాయనా."

కింద కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ అను" అన్నాడు.

యిర్మీయా భయంభయంగా అన్నాడు. "పోయిరా నాయనా."

"ఇదే! యా అల్లా, ఇదే! ప్రతిసారీ ఇదే అనేవాడు. మరిచిపోయాను, ఎంత తలుచుకున్నా నాలుక మీదికి వచ్చేది కాదు. వాళ్ళ మతం మంత్రమేమో అనుకునేవాణ్ణి. దీని అర్థం ఏమిటి?"

యిర్మీయా అల్తాఫ్‌ను చూశాడు. అల్తాఫ్ చెప్పే స్థితిలో లేడు, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు. యిర్మీయాయే నిచ్చెన దిగి చెప్పాడు.

"మంత్రం కాదండి, మా తెలుగు మాట. మావాళ్ళు బయల్దేరేవాణ్ణి ఉత్తినే వెళ్ళు అనరు. వెళ్ళి మళ్ళీ రా అంటారు. నాయనా అనేది పెద్దవాళ్ళు సొంత పిల్లల్ని పిలుచుకునే మాట."

పెద్దాయన తలెత్తి కొత్త చుక్కను చూశాడు.

"నేనేమీ బదులు చెప్పేవాణ్ణి కాదు. తల ఊపి ఎక్కేసేవాణ్ణి. మీ దగ్గర దానికి ఏమని బదులు చెప్పాలి?"

"వెళ్ళేటప్పుడైతే, వస్తాను అనాలండి."

"తిరిగి వచ్చేశాక?"

"వచ్చేశాక, వచ్చాను అంటే చాలండి."

ఆయన ఆ మాట రెండుమూడు సార్లు చెప్పించుకున్నాడు. మొదటిసారి పలకడం రాలేదు. నాలుక ఎక్కడ పెట్టాలో యిర్మీయా నోరు చూసి నేర్చుకున్నాడు. అప్పుడు కర్ర లేకుండా నడిచి వెళ్ళి, పచ్చి చుక్క చెదరకుండా, లేడి మెడ మీద అరచెయ్యి ఆనించాడు. చిన్నపిల్లాడు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి అన్నట్టు అన్నాడు.

"వచ్చాను."

ఆయన అలాగే నిలబడ్డాడు, ఎవరైనా ఏమైనా అంటారేమో అన్నట్టు. యిర్మీయాకు తెలుసు, మన ఇళ్ళల్లో ఆ మాట అలా గాలికి వదిలెయ్యరు. వచ్చాను అన్నవాడికి లోపలి నుంచి ఎవరో ఒకరు పలకాలి. పలకాల్సిన మనిషి పేరు తెలియదు, ఊరు తెలియదు, ఉన్నాడో లేడో తెలియదు. తనకంటే ఎంతో పెద్దవాడైన ఆ ముసలాయనను అలా పిలవడం మర్యాద కాదని కూడా తెలుసు. అయినా నల్లటి వేలున్న చేతిని ఆయన భుజం మీద వేశాడు.

"రా నాయనా, రా" అన్నాడు.